విషము మేసి బ్రదుకు ఆలిచిప్పలు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



హంసలదీవి కడ సముద్రమున గలియుటతో కృష్ణానది కథ ముగిసినదని పలువురు తలంతురు. నీటి కథ ముగిసినను మట్టి కథ ముగియలేదు. 1855లో బెజవాడ కడ ఆనకట్ట పూర్తియగుటకు ఎన్నో వేల యేండ్ల ముందునుండి ఈ నది తెచ్చిన ఒండ్రులో కొంత దివిసీమయై, బందరు భూములై నిలిచినది. తక్కినది గోదావరి ఒండ్రుతో గూడి బంగాళాఖాతపు అడుగునకు జారినది. దానితో ఆకులు, అలములు, చచ్చిన జీవుల శేషములును బోయి పూడినవి. అవి గాలి సోకక క్రుళ్ళగా మీథేన్ వాయువు పుట్టును. అంత లోతున ఒత్తిడియు, చలియు మిక్కుటము గనుక ఆ వాయువు నీటితో గలసి మంచుగడ్డవలె పేరుకొనును. నిప్పంటించిన మండెడి మంచు అది! 2006లో జాయిడెస్ రెజల్యూషన్ అను ఓడ కృష్ణా గోదావరుల ముఖములకు దూరమున కడలి అడుగును తొలిచినప్పుడు, ఒకచోట అట్టి మంచు గల పొర నూరు మీటర్లకు మించిన మందమున కనబడెను.

ఈ వాయువు అక్కడక్కడ పగుళ్ల గుండ పైకి ఊరును. అట్టి ఊటను, దాని నాశ్రయించిన జీవులను గోవాయందలి జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థవారు సింధు సాధన అను ఓడపై వెళ్లి కనుగొని, 2019లో ప్రకటించిరి. లోతు 1,700 మీటర్లకు పైమాట. అచట ఎండ పొడ లేదు, పచ్చని ఆకు లేదు. అయినను ఆలిచిప్పలు, నత్తలు, పురుగులు గుంపులుగా నున్నవి. వాని ఆహార మేమి?

ఆ సంగతి నాట్లు వేయువారి ముక్కునకు కొంత తెలిసినదే. నీరు నిలిచిన మడిలో కాలు దిగబడినప్పుడు నల్లని బురదనుండి క్రుళ్లిన గ్రుడ్డు వాసన వచ్చును. అది హైడ్రోజన్ సల్ఫైడు, గంధకపు వాయువు. కడలి అడుగున సూక్ష్మజీవులు మీథేనును, ఉప్పునీటి యందలి సల్ఫేటును కలిపి ఖర్చుచేసి ఈ వాయువునే పుట్టించును. 1977లో గెలాపగోస్ దీవుల చెంత వేడినీటి బుగ్గలయొద్ద గంధకముపై బ్రదుకు జీవసమూహము తొలిసారి కంటబడెను. అచటి పెద్ద గొట్టపు పురుగునకు నోరు లేదు, ప్రేగు లేదు. దాని దేహమందు సూక్ష్మజీవులు కాపురమున్నవని 1981లో కొలీన్ కావనా అను విదుషి ప్రకటించెను. ఆలిచిప్పలలో అవి మొప్పలయందు నివసించును. జంతువు గంధకపు వాయువును, ప్రాణవాయువును అందించును. సూక్ష్మజీవి ఆ శక్తితో ఆహారము వండి పెట్టును. కోతకు ముందు వరిచేలలో చల్లిన మినుము మొక్కను పెరికి చూచిన వేళ్లకు బుడిపెలు కానవచ్చును. అందలి పొత్తును ఇట్టిదే: మొక్క చక్కెర నిచ్చును, సూక్ష్మజీవి నత్రజని నిచ్చును. బుడిపెను చిదిమిన కనబడు ఎరుపును, గొట్టపు పురుగు నెత్తుటి ఎరుపును ఒకే జాతి పదార్థములు.

అయితే ఒక చిక్కు కలదు. ఈ గంధకపు వాయువు ప్రాణాంతకము. కణముల శ్వాసక్రియను స్తంభింపజేయును. అతిథికి వడ్డింపవలసిన అన్నమే ఇంటివానికి విషమన్నమాట! దానిని క్షేమముగా మోయు సాధనములలో ఒకటి ఆమైనో ఆమ్లముల కుటుంబమున దొరకినది.

ఊరగాయకై ఉప్పులో వేసిన మామిడిముక్క నీరు విడిచి ముడుచుకొనును. సముద్రజీవుల కణము లట్లు ముడుచుకొనకుండుటకు అవి తమలో టారిన్ మున్నగువానిని నింపుకొనును. టారిన్ 1827లో ఎద్దు పైత్యరసమున దొరకినది. పేరును లాటిను భాషలోని ఎద్దు పేరే. ఇది మాంసకృత్తులలో చేరదు, కణద్రవమున విడిగానే యుండును. గంధకము గల సిస్టీన్ అను ఆమైనో ఆమ్లమునుండి మొదట హైపోటారిన్, దానినుండి టారిన్ పుట్టును. గంధకముపై బ్రదుకు లోతునీటి జీవులు ఆ నడిమి హైపోటారినుకు రెండవ పని కల్పించినవి. అది గంధకపు వాయువునుండి ఒక గంధకపు పరమాణువును గ్రహించి థయోటారిన్ అగును. ఇందు విషము లేదు. ఉప్పునుండి కాపాడు సరకే విషమును కట్టివేయు త్రాడైనది. ప్రకృతి పొదుపునకు ఇంతకంటె చక్కని యుదాహరణము అరుదు.

ఇతర సముద్రముల ఆలిచిప్పలను పరీక్షించిన శాస్త్రజ్ఞులు, మొప్పలయందు థయోటారిన్ మెండుగా నున్నచో ఆ జీవి గంధకపు సూక్ష్మజీవులతో పొత్తు గలదని గుర్తింపవచ్చునని తేల్చిరి.

మండెడి మంచును ఇంధనముగా తోడవలెనని భారతదేశమును, మరికొన్ని దేశములును యత్నించుచున్నవి. తోడుటకు ముందు ఊటలయొద్ది జీవుల లెక్క తీయుట న్యాయము. 2007లో మారియన్ డుఫ్రేన్ అను ఓడ కృష్ణా గోదావరీ తీరమునకు ఎదుట తీసిన బురదకడ్డీలలో కాలిప్టోజీనా అను ఆలిచిప్పల డొల్లలు దొరకినవి. అవియు గంధకముపై బ్రదికినవే. వేలాది యేండ్ల క్రిందట అచట ఊట ఆగినది; చిప్పలు చచ్చి, నదులు తెచ్చిన మట్టి క్రింద పూడిపోయినవి.