కట్టు విప్పిన పిదప

(కాళ్ళ శస్త్రచికిత్సకై బిడ్డలను వెంటబెట్టుకొని గ్రామముల నుండి వచ్చిన తల్లిదండ్రుల కూటమిలో, అంబర్‌పేటలో చేసిన ప్రసంగ పాఠము)



ఎచ్చటికి పోయినను మీరు మమ్ము అడుగు ప్రశ్న ఒక్కటే. "ఆపరేషను అయినది గదా, ఇక మా పిల్లవాడు నడచునా?" అని. మేము వైద్యులము కాము. సమాచార శాఖ వారము. వైద్యులును, ఫిజియోథెరపిస్టులును చెప్పు మాటలను మీకు తెలియునట్లు అందించుటయే మా పని. వారందరును చెప్పునది ఇది: వంకర యెముకను కోసి తిన్నగా నిలుపుట, బిగిసిన స్నాయువును వదులు చేయుట శస్త్రవైద్యుని పని. అది కొన్ని గంటలలో ముగియును. నడక మాత్రము ఆ గదిలో తయారు కాదు. కట్టు విప్పిన పిదప ఆరు మాసములో, సంవత్సరమో, మీ యింటి అరుగు మీద, మీ వాకిటిలో దినదినము కొంచెముగా తయారగును. ఆ కాలమును గూర్చియే నేడు కొన్ని మాటలు మనవి చేయదలచితిమి.

ఈ మాటలకు అంబర్‌పేట తగిన చోటే. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఇచ్చటికి అనతి దూరముననే కలదు. దాని ప్రక్కన తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ యున్నది. అదియు 1918లోనే దక్షిణాదిని కూనూరులో చిన్న పరిశోధనాలయముగా పుట్టి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో నేటి పేరు పొందినది. మన పిల్లల మోకాళ్ళ కథలో ఈ సంస్థకు పెద్ద పాత్ర కలదు. నీటిలోని ఫ్లోరైడు వలన యెముకలు చెడుచున్నవని 1937లో నాటి మదరాసు రాజధానిలోని నెల్లూరు ప్రాంతమునుండి వైద్యులు తొలిసారి వివరముగా వ్రాసిరి. నల్లగొండ జిల్లాను గూర్చి 1955లో డాక్టరు సిద్దీఖీ వ్రాసెను. 1973లో పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి అను వైద్యులు మరియొక సంగతిని లండను నగరపు లాన్సెట్ పత్రికలో లోకమునకు తెలిపిరి. ఫ్లోరైడు పీడ గల ప్రాంతములో ఎదుగు వయస్సు పిల్లలు నిలుచున్నప్పుడు మోకాళ్ళు ఒకదానికొకటి తగులుచు, పాదములు ఎడముగా ఉండుటను వారు గమనించిరి. ముసలివారి నడుము పట్టివేయు జబ్బుగా అంతవరకు తలచినది పసివారి కాళ్ళనుగూడ వంచుచున్నదని అప్పుడు తేటపడెను.

మీలో కొందరి బిడ్డలకు జరిగిన శస్త్రచికిత్స ఇట్టి మోకాళ్ళకే. మోకాలికి పైనున్న తొడ యెముకను కోసి, తిన్నగా సరిచేసి, లోహపు ప్లేటుతోనో ప్లాస్టరు కట్టుతోనో కదలకుండ నిలుపుదురు. బిడ్డ ఇంకను ఎదుగుచున్న వయస్సులోనే తెచ్చినచో, యెముకను కోయకయే, ఎదుగు భాగమునకు ఒక ప్రక్క చిన్న ప్లేటు బిగించి, ఎదుగుదలయే వంకరను సరిచేయునట్లు చేయు పద్ధతియు నేడు కలదు. పెండ్లీడు వచ్చినప్పుడు చూతమని ఆగువారికి ఈ మార్గము మూసికొనిపోవును. ఆడపిల్లల విషయములో ఈ ఆగుట మరింత హెచ్చుగా కనుపించుచున్నది.

ప్లాస్టరు కట్టు ఉన్న దినములలో మొదటి జాగ్రత్త కాలివ్రేళ్ళను చూచుట. కాలిని దిండ్లపై ఎత్తుగా ఉంచవలెను. వ్రేళ్ళు నీలముగానో తెల్లగానో మారినను, చల్లబడినను, తిమ్మిరెక్కి స్పర్శ తెలియకున్నను, మందు వేసినను నొప్పి హెచ్చుచునే యున్నను తెల్లవారు వరకు ఆగరాదు. అర్ధరాత్రి యైనను ఆసుపత్రికి చేర్చవలెను. కట్టు లోపల రక్తప్రసారము బిగిసిపోయినచో కొన్ని గంటలలోనే కండరము చచ్చిపోవును. కట్టు నుండి దుర్వాసన వచ్చినను, తడి ఊరినను చూపింపవలెను. దురదగా నున్నదని చీపురుపుల్లయో, గొడుగు కమ్మియో లోపలికి దూర్చుట ప్రతి యింటను జరుగునదే. లోపల గీరుకొని పుండైనచో కంటికి కనబడదు.

కట్టు విప్పిన దినము తల్లికి గుండె ఝల్లుమనును. కాలు తిన్నగానే యుండును గాని తొడ సన్నబడి, చర్మము పొరలు లేచి, మోకాలు కొయ్యవలె బిగిసియుండును. ఇది శస్త్రచికిత్స చెడుటవలన కాదు. వారములతరబడి పని లేని కండరము ఎవరికైనను ఇట్లే కరగిపోవును. దానిని తిరిగి నింపుటకే వ్యాయామములు.

మొదటిది పరుండియే చేయునది. మోకాలి క్రింద చుట్టిన తువాలు నుంచి, దానిని మోకాలితో అదిమి, తొడ బిగించి అయిదు లెక్కించి వదలవలెను. పదిసార్లు ఒక విడత. దినమునకు నాలుగైదు విడతలు. బిడ్డ నవ్వుచు చేయునంత చిన్న పని యిది, అందుచేతనే పెద్దలు దీనిని పనిగా లెక్కింపరు. పిదప మోకాలు వంచక కాలిని జానెడెత్తు లేపి నిలుపుట. ఆ పిదప అరుగు అంచున కూర్చుండి మోకాలిని మెల్లగా వంచుట, చాపుట. ఎంత వంచవలెనో, ఎప్పుడు బరువు మోపవలెనో ఎక్స్‌రే చూచిన వైద్యుడే చెప్పవలెను. ప్రక్కయింటి పిల్లవాడు ఆరు వారములకే నడచినాడని మీ బిడ్డను నిలబెట్టరాదు. అతుకు గట్టిపడుటకు ఒక్కొక్క యెముకకు ఒక్కొక్క గడువు.

నిలుచుటకు అనుమతి వచ్చిన పిదప ఆసుపత్రిలో రెండు ఇనుప కమ్ముల నడుమ నడిపింతురు. ఊరిలో అవి లేవని నిరాశ పడనక్కరలేదు. వాకిటిలో నాలుగు గుంజలు పాతి, బిడ్డ చేతులు క్రిందికి వ్రేలాడవేసినప్పుడు మణికట్టు వచ్చునంత ఎత్తున రెండు వెదురు బొంగులను గట్టిగా కట్టిన చాలును. పది పన్నెండు అడుగుల పొడవు, నడుమ బిడ్డ నిలుచునంత ఎడము. ముళ్ళు, చీలికలు లేకుండ నునుపు చేసి, నేల చదును చేయవలెను. ఒకరు వెనుక నిలువవలెను. చంకకర్రలు ఇచ్చినచో కర్ర తలకును చంకకును నడుమ రెండు మూడు వ్రేళ్ళ సందు ఉండవలెను. బరువు చేతులపై మోపవలెను గాని చంకలపై కాదు. చంకలో నరము నలిగి చేయి పట్టుదప్పును. మెట్లు ఎక్కునప్పుడు మంచి కాలు ముందు, దిగునప్పుడు చికిత్స జరిగిన కాలు ముందు.

ఇక మర్దన సంగతి. పుత్తూరు కట్టుపై మన ప్రజలకున్న నమ్మకము నేటిది కాదు. దానిని ఇచ్చట తూలనాడుట మా ఉద్దేశము కాదు. కాని లోపల ప్లేటు ఉండి, అతుకు ఇంకను లేతగా నున్న యెముకపై బలముగా నూనె పట్టించి, మోకాలిని పట్టి విరుచుట మహా ప్రమాదము. "ఏడ్చినను ఒకసారి వంచివేసిన సరిపోవును" అను పెద్దల మాట వినరాదు. కండరము చిరుగును. అతుకు తప్పును. మెల్లగా వంగిన మోకాలే నిలుచును.

మస్తిష్క పక్షవాతము గల బిడ్డల తల్లులకు వేరుగా చెప్పవలసియున్నది. ఈ బిడ్డలకు దెబ్బ తగిలినది కాలికి కాదు, పుట్టుకకు ముందో, పుట్టునప్పుడో, పసితనముననో మెదడునకు తగిలినది. మడమ వెనుక బిగిసిన స్నాయువును, మన వాడుకలో నరమందురు, శస్త్రవైద్యుడు పొడవు చేయును. మెదడులోని దెబ్బ ఉన్నచోటనే యుండును. అందుచేత రెండు చిక్కులు వచ్చును. మొదటిది, యెముక త్వరగా ఎదిగి కండరము వెనుకబడి, కాలు తిరిగి బిగియవచ్చును. రాత్రివేళ స్ప్లింటు కట్టుట, దినదినము పాదమును మెల్లగా పైకి సాగదీయుట మానరాదని చెప్పుట ఇందువలననే. రెండవది మరింత కఠినమైనది. మునివ్రేళ్ళపైననైనను నడచుచుండిన బిడ్డ శస్త్రచికిత్స పిదప కొన్ని మాసములు నిలువనైన నిలువలేకపోవును. బిగువు పోయిన కండరము బలహీనముగా నుండును. ఒకేసారి పలుచోట్ల శస్త్రచికిత్స జరిగినచో పూర్వపు శక్తి రాబట్టుకొనుటకే ఆరు మాసముల నుండి సంవత్సరము పట్టవచ్చును, ఆపై మెరుగుదల ఇంకను సాగును. సరిగా ఈ నడుమ కాలములోనే "ఉన్నది గూడ పోయినది" అని తండ్రి బిడ్డను భుజము మీద వేసికొని ఊరికి మరలిపోవును. శస్త్రచికిత్స వ్యర్థమగుట తరచుగా ఇచ్చటనే.

మరలిపోవుటకు కారణము అజ్ఞానమని పట్టణపు వారు అందురు. మేము అట్లు తలపము. ఇచ్చట గది అద్దె, దినమునకు రెండు బస్సులు, ఊరిలో నాట్లు, ఇంటివద్ద మరియిద్దరు పిల్లలు. 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ వలన పెక్కు శస్త్రచికిత్సల ఖర్చు పేదల నెత్తి మీదినుండి దిగినది. మాసములతరబడి తల్లి పోగొట్టుకొను కూలి మాత్రము ఏ పద్దులోను చేరదు. కావున మీకు మేము చెప్పు ఉపాయము ఇది: ఆసుపత్రి వదలుటకు ముందే తల్లి కాక మరియొకరు, అన్నయో, నాయనమ్మయో, ప్రతి వ్యాయామమును ఫిజియోథెరపిస్టు ఎదుట తమ చేతులతో చేసి చూపి, తప్పులు దిద్దించుకొనవలెను. ఫోనులో చిత్రము తీసికొనుటకు అనుమతి అడుగవలెను. మండల కేంద్రములలో ప్రత్యేకావసరములు గల పిల్లలకై భవిత కేంద్రములు కలవు. అచ్చటికి ఫిజియోథెరపిస్టు ఏయే దినముల వచ్చునో కనుగొనవలెను. బడికి రాలేని బిడ్డకు ఇంటివద్ద చదువు, వచ్చు బిడ్డకు రవాణా భత్యము సమగ్ర శిక్ష పథకములో నున్నవి. జిల్లాలోని సత్వర చికిత్సా కేంద్రము 2013లో మొదలైన బాల ఆరోగ్య కార్యక్రమమునకు చెందినది. అంగన్‌వాడీ టీచరుకును, ఆశా కార్యకర్తకును దాని దారి తెలియును. యు.డి.ఐ.డి. కార్డునకు దరఖాస్తు చేయుటను బిడ్డ కోలుకొను వరకు ఆపనక్కరలేదు.

బడి సంగతి గూడ శస్త్రచికిత్స వలె ముఖ్యమే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 6 మొదలు 18 సంవత్సరముల వరకు ఉచిత విద్యను హక్కుగా ఇచ్చినది. ప్రధానోపాధ్యాయునితో ముందే మాటలాడి, నేలపై బాసింపట్టు వేయింపక కుర్చీ ఇమ్మని కోరవలెను. మరుగుదొడ్డి మరియొక చిక్కు. గొంతుకూర్చుండలేని పిల్లలు దాహమైనను నీరు త్రాగక సాయంకాలము వరకు ఓర్చుకొనుచుందురు. పాత కుర్చీకి నడుమ రంధ్రము కోయించి మరుగుదొడ్డిపై ఉంచిన చాలును. ఊరి వడ్రంగికి ఒక పూట పని.

ఈ చుట్టుప్రక్కలనే విద్యానగరులో దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేర ఆసుపత్రియు, విశ్వవిద్యాలయ ప్రాంగణములో ఆమె స్థాపించిన ఆంధ్ర మహిళా సభ వారి కళాశాలయు కలవు. 1937లో మదరాసున పుట్టిన ఆ సభ అచ్చట అవిటి పిల్లలకై ఆర్థోపెడిక్ కేంద్రమునుగూడ నడిపెను. ఆనాటి పిల్లలలో పోలియో బాధితులే హెచ్చు. నేడు పోలియో లేదు. మన దేశములో సహజ పోలియో వైరసు వలన వచ్చిన చివరి కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాలులో కనిపించినది. 2014 మార్చి 27న ఆగ్నేయాసియా ప్రాంతము పోలియో రహితమని ధ్రువపరచిరి. కాని నాటి కాలిపర్లు ధరించిన పిల్లలు నేటికిని మన ఊళ్ళలో పెద్దవారై యున్నారు. మీ బిడ్డ స్ప్లింటు వేసికొననని మారాము చేసినప్పుడు వారిలో ఒకరిని ఇంటికి పిలిచి మాటలాడింపుడు. మా ప్రసంగము కంటె అది నయము.

ఆహారమును గూర్చి హెచ్చుగా చెప్పనక్కరలేదు. పప్పు, గ్రుడ్డు, పాలు, రాగి జావ. 100 గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు మించి కాల్షియము కలదు. నీటి విషయము మాత్రము చెప్పక తప్పదు. సరిచేసిన కాలితో బిడ్డను తీసికొనిపోయి మరల ఆ బోరు నీరే త్రాగించినచో చేసిన పని చెడును. కాచినందున ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరియై మిగిలినది మరింత చిక్కబడును. లీటరునకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించినచో ఆ నీరు త్రాగుటకు పనికిరాదు. 2016లో ఆరంభమైన మిషన్ భగీరథ నల్లా నీటినే త్రాగుటకును, వంటకును గూడ వాడవలెను. బియ్యము కడుగుటకు ఒక నీరు, ఎసటికి మరియొక నీరు అను అలవాటు కొన్ని ఇండ్లలో చూచితిమి. ఎసటి నీరే బిడ్డ కడుపులోనికి పోవునది.

స్ప్లింటు, బూట్లు ఎదుగు బిడ్డకు త్వరలో చిన్నవగును. విప్పిన పిదప అర్ధగంటకును పోని ఎఱ్ఱని మచ్చ ఉన్నచో అది ఒరయుచున్నదని గుర్తు. తిరిగి చూపించుకొనుటకు ఇచ్చిన తేదీ తప్పింపరాదు. బిడ్డ బాగుగనే యున్నను రావలెను, ప్లేటు తీయవలెనో లేదో అప్పుడే తెలియును. వచ్చునప్పుడు డిశ్చార్జి కాగితము, ఎక్స్‌రే ఫిల్ములు మడవకుండ, స్ప్లింటు, రెండు కాళ్ళ బూట్లు, బిడ్డకు ఒక పొట్టి లాగు. మీరు గోడమీద బొగ్గుతో గీసికొన్న వ్యాయామపు లెక్కను గూడ ఒక కాగితముపై ఎక్కించి తెండు.