ధర పడకముందే ఉత్తర్వు వస్తుంది
(మండల రైతు సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



మబ్బు పడితే కళ్ళంలో ధాన్యం మీద పట్టా కప్పుతాం. పత్తి ఆకు ముడుచుకుంటే పచ్చదోమ ఉందేమోనని తిప్పి చూస్తాం. చేను చూపించే గుర్తులు మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. కానీ మన ఇంటి ఆదాయాన్ని దెబ్బతీసే గుర్తులు కొన్ని ఢిల్లీ ఉత్తర్వుల్లో కనబడతాయి. వాటిని చదవడం కూడా మనం నేర్చుకోవాలి.

2025 ఆగస్టు సంగతే తీసుకుందాం. మన పత్తి పూత, కాయ మీద ఉంది. విదేశీ పత్తి మీద ఉన్న 11 శాతం దిగుమతి సుంకాన్ని కేంద్రం ఆగస్టు 19 నుంచి సెప్టెంబరు 30 వరకు ఎత్తేసింది. ఆ నెల దాటకముందే గడువును డిసెంబరు 31 దాకా పొడిగించింది. మొదటి ఉత్తర్వు చూసినప్పుడు, మన పత్తి మార్కెట్‌కు వచ్చేసరికి సుంకం మళ్ళీ పడుతుందిలే అనుకునే వీలుండేది. రెండో ఉత్తర్వుతో అదీ పోయింది. అక్టోబరులో మొదటి తీత మొదలుకొని ఏడాది చివరి దాకా మనం అమ్ముకునే రోజులన్నీ సుంకం లేని రోజులే అయ్యాయి.

దీనికి పెద్ద లెక్కలు అక్కర్లేదు. ఓడరేవులో 100 రూపాయలకు దిగే దూది సుంకంతో 111 పడుతుంది. సుంకం తీసేస్తే 100కే మిల్లుకు దొరుకుతుంది. అప్పుడు మన దూదికి 111 ఎవరిస్తారు? స్పిన్నింగ్ మిల్లు తగ్గించిన ధరను జిన్నింగ్ యజమాని వ్యాపారి మీద వేస్తాడు, వ్యాపారి మన మీద వేస్తాడు. మన తర్వాత వేయడానికి ఎవరూ లేరు.

ఆ సీజనులో పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. అది దక్కాలంటే సీసీఐ కొనాలి. తేమ 8 శాతం దాటితే ధరలో కోత పడుతుంది, 12 దాటితే కొనరు. పైగా ఆ ఏడాది 'కపాస్ కిసాన్' యాప్‌లో పేరు నమోదు చేసుకుని స్లాటు తీసుకోవాల్సి వచ్చింది. పాసుపుస్తకం యజమాని దగ్గరుండే కౌలు రైతుకు ఇది ఎంత తిప్పటో మీకు తెలుసు. అంటే ఆగస్టులో ఉత్తర్వు రాగానే కాగితాల పని మొదలుపెట్టిన ఊరికి రెండు నెలల వ్యవధి దొరికింది. ధర పడ్డాక కదిలిన ఊరికి క్యూ దొరికింది.

పత్తి ఒక్కటే కాదు. ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెల మీద మూల సుంకాన్ని 2024 సెప్టెంబరులో 20 శాతం చేశారు. 2025 మే చివరికల్లా 10కి దించారు. మన ఆయిల్‌పామ్ గెలల ధర ముడి నూనె ధరను బట్టే ఉంటుంది. కందుల దిగుమతికీ సుంకం లేకుండా ఏటా గడువు పొడిగిస్తూ వచ్చారు.

నూనె, పప్పు చౌకైతే మనకూ మంచిదే కదా అని ఇంట్లో ఆడవాళ్ళు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నెలకు నాలుగు ప్యాకెట్ల నూనె మీద మిగిలేదెంత, పది క్వింటాళ్ళ కంది మీద పోయేదెంత, రెండూ పక్కపక్కన రాసి చూసుకుందాం. పేదవాడికి పప్పు చౌకగా అందాల్సిందే. దానికి ప్రభుత్వం మద్దతు ధరకు కొని రేషన్ షాపులో ఇవ్వాలి. ఆ బరువు రైతు మీద వేయకూడదు.

అందుకే ప్రతి గ్రామ కమిటీ ఒక పుస్తకం పెట్టాలని కోరుతున్నాం. మన పంటలపై సుంకం ఎంత, ఏ తేదీ దాకా అన్నది మొదటి పేజీలో రాయండి. వారం వారం యార్డు ధరను, పక్కనే మద్దతు ధరను రాయండి. సొసైటీకి యూరియా ఎన్ని బస్తాలు వచ్చాయో, 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలకే ఇస్తున్నారో, లేక ఇంకేదో కొంటేనే ఇస్తామంటున్నారో రాయండి.

పుస్తకంలో రాయకూడని గుర్తులు కూడా ఉన్నాయి. తాకట్టు బంగారానికి వడ్డీ మాత్రమే కట్టి తిరగరాయించడం, ఒక ఫైనాన్సు వాయిదా కోసం ఇంకో ఫైనాన్సు దగ్గర అప్పు తేవడం, పాలిచ్చే గేదెను సీజను మధ్యలో అమ్మడం. ఇవి పరువు పోతుందని దాచుకునే సంగతులు. ఒక ఇంట్లో ఇవి కనబడితే పేరు బయటపెట్టకుండా, చేయి దాటకముందే ఆ గడప తొక్కాలి. పంట రుణం తిరగరాయించడానికైనా, బ్యాంకు మేనేజరుతో మాట్లాడడానికైనా తోడు వెళ్ళాలి.

ప్రభుత్వాన్ని మేం అడిగేది ఒక్కటే. విత్తనం వేసే ముందు చెప్పిన సుంకం పంట అమ్ముడయ్యే దాకా మారకూడదు. అప్పటిదాకా ఆ కాపలా మనమే కాయాలి. వచ్చే నెల సమావేశానికి ప్రతి కమిటీ తన పుస్తకంతో రావాలి.