ఆడబిడ్డ వాటా



దుర్గాబాయి దేశ్‌ముఖ్ స్మృతిలో మాట్లాడమంటే, 1937లో ఆమె మద్రాసులో స్థాపించిన ఆంధ్ర మహిళా సభ గురించి చెబుతానని అనుకొని ఉంటారు. అది చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. హైదరాబాద్ పక్కనున్న ఈ గోపన్‌పల్లిలో నిలబడితే నాకు ఆమె చేసిన ఇంకో పని గుర్తొస్తుంది. రాజ్యాంగ సభలో సభ్యురాలిగా ఆమె హిందూ కోడ్ బిల్లు పక్షాన మాట్లాడింది. ఆడపిల్లకు ఆస్తి అనగానే ఆ బిల్లు మీద ఎంతమంది విరుచుకుపడ్డారో తెలిసిందే. అది ముందుకు సాగనందుకు 1951లో అంబేడ్కర్ మంత్రి పదవినే వదులుకున్నాడు. చివరికి దాన్ని ముక్కలు చేసి ఆమోదించారు. అందులో ఒక ముక్క 1956 నాటి హిందూ వారసత్వ చట్టం.

ఆ చట్టం కూతుర్ని వారసురాలంది గానీ, పుట్టుకతో వాటాదారు అనలేదు. లెక్క చూడండి. తాతల నాటి భూమి నాలుగెకరాలు. తల్లి లేదు. తండ్రి, ఒక కొడుకు, ఒక కూతురు. తండ్రి వీలునామా రాయకుండా పోయాడు. ముందుగా తండ్రీకొడుకులు చెరి రెండెకరాలు పంచుకున్నట్టు లెక్క కట్టాలి. తండ్రి వంతు రెండెకరాలే పిల్లలిద్దరికీ సమానం. అంటే కొడుక్కి మూడెకరాలు, కూతురికి ఒకటి.

దీన్ని సరిచేసింది మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ. ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ఉండగా తెచ్చిన సవరణ 1986లో చట్టమై, 1985 సెప్టెంబరు 5 నుంచే వర్తించింది. కూతురు కూడా కొడుకులాగే పుట్టుకతో వాటాదారు అయింది. అదే భూమి ఇప్పుడు చెరి రెండెకరాలు. కేరళ 1975 చట్టంతో ఉమ్మడి కుటుంబ ఆస్తి పద్ధతినే ఎత్తేసింది. ఆ పద్ధతిని ఉంచి, ఆడపిల్లను అందులోకి తెచ్చినవాళ్లలో మనమే ముందు. 1989లో తమిళనాడు, 1994లో మహారాష్ట్ర, కర్ణాటక ఈ దారి పట్టాయి. రామారావు రాజకీయాల మీద నాకు వేరే అభిప్రాయాలున్నాయి. అయినా ఒప్పుకోవాలి: జనం అన్న అని పిలుచుకున్న ఆ మనిషి ఆడపడుచుకు చీరతో సరిపెట్టలేదు, వాటా పెట్టాడు.

లోటు లేదా అంటే ఉంది. అప్పటికే పెళ్లయినవాళ్లకు అది వర్తించదన్నారు. 1984లో పెళ్లయిన అక్కకు లేదు, 1986లో పెళ్లయిన చెల్లెలికి ఉంది! ఆ తేడా పోవడానికి 2005 కేంద్ర సవరణ దాకా ఆగాల్సి వచ్చింది. ఆ సవరణ నాటికి తండ్రి బతికి ఉండాలా అన్న తగువును సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో, వినీతా శర్మ కేసులో, అక్కర్లేదని తెంచింది.

ఈలోగా ఇక్కడి భూమి కథ మారింది. 1998లో సైబర్ టవర్స్ తెరిచారు, తర్వాత విప్రో గోపన్‌పల్లికి వచ్చింది, ఎకరాల లెక్క గజాల్లోకి దిగింది. అప్పుడు ఆడబిడ్డ అందరికీ గుర్తొచ్చింది, ఆమె సంతకం కోసం. కొనేవాడి వకీలు మొదట అడిగేది అదే: ఆడబిడ్డల సంతకాలున్నాయా? కారు పంపి పిలిపిస్తారు. హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టించి, పసుపు కుంకుమ, చీర పెట్టి సాగనంపుతారు. సంతకం పెట్టకపోతే రేపు పుట్టింట్లో ఎవరు పలకరిస్తారన్నది ఆమె భయం. ఆ భయానికి ఏ సెక్షన్‌లోనూ మందు లేదు. కనీసం ఎంత వదులుకుంటున్నదో తెలిసి వదులుకోవాలి కదా. ఆమె వాటా ఎన్ని గజాలు, ఆ రోజు దాని ధర ఎంత అన్నది పత్రంలో రాసి, రిజిస్ట్రార్ ముందు ఆమెకు చదివి వినిపించాలని చట్టంలోనే పెట్టాలంటాను.

ఇక లంబాడాలు ఉండే గోపన్‌పల్లి తండా సంగతి. కేంద్రం ప్రత్యేకంగా నోటిఫికేషన్ ఇస్తే తప్ప షెడ్యూల్డ్ తెగలకు హిందూ వారసత్వ చట్టం వర్తించదని దాని రెండో సెక్షన్ చెబుతుంది. తెగల ఆచారాలు చెడకూడదన్నది ఆనాటి ఉద్దేశం. తెలంగాణలో లంబాడాలు షెడ్యూల్డ్ తెగ. కాబట్టి ఇంతసేపూ నేను చెప్పిన 1956 గానీ, 1985 గానీ, 2005 గానీ తండా కూతురికి నేరుగా అందవు. ఊరి ఆడబిడ్డ కోర్టుకెళ్లి చూపించగల కాగితం తండా ఆడబిడ్డ చేతిలో లేదు. ఈ మినహాయింపు సంగతి ఆలోచించమని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టే కేంద్రానికి సూచించింది.

ఓట్లడగడానికి వచ్చేవాళ్లను మీరు రోడ్ల గురించి, డ్రైనేజీ గురించి ఎలాగూ అడుగుతారు. ఈసారి రెండో సెక్షన్ గురించి కూడా అడగండి.