స్టువర్టుపురం ముందు నిలబడి చదవాల్సిన అధ్యాయం



ఇవాళ వేదశాస్త్రంలో పట్టాలు అందుకుంటున్న మీలో కొందరు ఇంకొన్నాళ్లలో తెనాలిలో, కొందరు రేపల్లెలో, కొందరు బాపట్ల పల్లెల్లో సంఘాల ముందు నిలబడతారు. ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ ఎవరో ఒకరు అడుగుతారు: "అయ్యగారూ, అంతా దేవుడి చిత్తమే అయితే ఇందులో నా తప్పేముంది?"

ఈ ప్రశ్నకు పరీక్షలో మీరు పేజీలకు పేజీలు రాసే ఉంటారు. మనిషి ఇచ్ఛకు స్వేచ్ఛ ఉందని 1524లో పండితుడు ఎరాస్మస్ రాశాడు. రక్షణ విషయంలో ఆ ఇచ్ఛ బందీయేనని మరుసటి ఏడే సంస్కర్త లూథర్ గట్టిగా తిప్పికొట్టాడు. తెనాలి, రేపల్లె వైపు లూథరన్ సంఘాలున్నాయి. బాపట్ల వైపు బాప్టిస్టులు, సాల్వేషన్ ఆర్మీ వారు. ఇష్టపడి వచ్చే ఎవరికైనా రక్షణ దొరుకుతుందని సాల్వేషన్ ఆర్మీ తన సిద్ధాంతాల్లోనే రాసుకుంది. తెనాలిలో రైలు మారితే సిద్ధాంతమూ మారిపోతుందన్నమాట! అయితే గుమ్మం దగ్గర అడిగిన మనిషికి ఎరాస్మస్ అక్కర్లేదు. ఆయనకు చెప్పాల్సిన కథ బాపట్ల పక్కనే, స్టువర్టుపురంలో ఉంది.

ఆ కథలోని ఎరుకల తెగవారు ఒకప్పుడు కోస్తా ఉప్పును పశువుల మీద వేసుకుని మెట్ట ఊళ్లకు తీసుకెళ్లి, ధాన్యానికి మార్చుకుని బతికేవారు. రైళ్లు వచ్చాయి, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది, ఆ వర్తకం కూలిపోయింది. ఆ తర్వాత చట్టం వచ్చింది. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మార్చి మద్రాసు రాష్ట్రానికీ తెచ్చారు. ఒక మనిషి ఏం చేశాడన్నది కాక, ఏ కులంలో పుట్టాడన్నదే నేరానికి రుజువైంది. అలాంటి వారి కోసం వెలిసిన సెటిల్‌మెంటే స్టువర్టుపురం. దానికి మద్రాసు ప్రభుత్వంలో పెద్ద పదవిలో ఉన్న హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టి, నడిపే బాధ్యత సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు.

ఇక్కడే నా మనసు ఆగిపోతుంది. ఎవరైనా ఇష్టపడి రావచ్చని ప్రకటించే సంఘం చేతికి, ఊరు దాటాలంటే పాసు అడిగే చట్టం వచ్చింది. ఆదివారం పశ్చాత్తాపానికి పిలుపు, మిగతా రోజుల్లో హాజరు పిలుపు. వాళ్లు బడి పెట్టారు, సాగుకు భూమి చూపించారు, నిజమే. అక్కడి వారిని చీరాల ఐ.ఎల్.టి.డి. పొగాకు కంపెనీకి కూలికి పంపడమూ నిజమే. ఆ పనిని చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ తన పుస్తకంలో నిలదీశారు.

మరి బైబిల్ ఎవరి పక్షం? యెహెజ్కేలు పద్దెనిమిదో అధ్యాయం తెరవండి. తండ్రులు పుల్లని ద్రాక్షలు తింటే పిల్లల పళ్లు పులిశాయన్న సామెతను ఇక వాడొద్దంటాడు దేవుడు. కొడుకు తండ్రి దోషాన్ని మోయడు, దుష్టుడు మళ్లుకుంటే బతుకుతాడు. నేరస్థ తెగల చట్టానికి ఇంతకంటే సూటిగా అడ్డం తిరిగే అధ్యాయం నాకు కనిపించలేదు. దాన్ని చదువుకుంటూనే సెటిల్‌మెంట్ నడిపారంటే, గ్రంథం చేతిలో ఉన్నంత మాత్రాన ఏమీ కాదని తెలుస్తుంది.

బైబిల్లో రెండో గొంతూ ఉంది, దాచకండి. ఫరో గుండెను దేవుడే కఠినం చేశాడని నిర్గమకాండం అంటుంది. ఫరో తానే కఠినం చేసుకున్నాడనీ అదే పుస్తకం అంటుంది. రెండింటినీ పక్కపక్కనే ఉంచింది, సర్దే ప్రయత్నం చేయలేదు. కుమ్మరి మట్టిని తన ఇష్టం వచ్చినట్టు చేస్తాడని పౌలు రోమా పత్రికలో అంటాడు. యిర్మీయా చూసిన కుమ్మరి మాత్రం వేరు: జనం మళ్లుకుంటే తాను తలపెట్టిన కీడును దేవుడు మానుకుంటాడని అక్కడ ఉంది. నా మటుకు నాకు, దేవుడి సార్వభౌమత్వం ఎవరికి వారు తమ గురించి చెప్పుకోవాల్సిన మాట. పక్కవాడి మీద తీర్పుగా వాడితే అది నుదుటిరాతకు బైబిల్ అట్ట వేయడమే.

స్వాతంత్ర్యం వచ్చే వేళకు మద్రాసు రాష్ట్రంలో, 1952లో దేశమంతటా నేరస్థ తెగల చట్టం పోయింది. ముద్ర పోలేదు. 1970ల్లో స్టువర్టుపురంలోకి మార్పు కోసం వెళ్లిన లవణం, హేమలతా లవణం దంపతులు దేవుణ్ని నమ్మని వాళ్లు. ఆయన నాస్తికోద్యమ నాయకుడు గోరా కొడుకు, ఆమె కవి జాషువా కూతురు. మారగలరని ఆ మనుషులను నమ్మింది నాస్తికులు. సంఘంలో ఉన్న మనకు ఇది కాస్త సిగ్గుగానే ఉండాలి. ఇక 1991లో, 2023లో వచ్చిన సినిమాలు ఆ ఊరి దొంగల చుట్టూనే తిరిగాయి. అక్కడి పిల్లలు ఉద్యోగ దరఖాస్తులో ఊరి పేరు రాసేటప్పుడు ఏమనుకుంటారో ఒక్కసారి ఆలోచించండి.

కాబట్టి గుమ్మం దగ్గర ఆ ప్రశ్న అడిగితే, ముందు ఆయన ఏ సంగతి గురించి అడుగుతున్నాడో కనుక్కోండి. తాగుడు గురించి అడిగేవాడికీ, బిడ్డను పోగొట్టుకుని అడిగేవాడికీ జవాబు ఒకటి కాదు. మొదటివాడికి ద్వితీయోపదేశకాండం ముప్పయ్యో అధ్యాయం చదివి వినిపించండి, జీవమా మరణమా ఎంచుకోమన్న చోటు. రెండోవాడి దగ్గర ఏ అధ్యాయమూ తెరవకండి, కూర్చోండి.

రోమా తొమ్మిదో అధ్యాయం ప్రసంగించాల్సి వస్తే ఒంటరిగా ప్రసంగించకండి. తన సొంత జనం కోసం పౌలు పడ్డ బాధతో అది మొదలై, పదకొండో అధ్యాయం చివర దేవుడి ఆలోచనలు మనకు అంతుపట్టవన్న స్తుతితో ముగుస్తుంది. మూడు అధ్యాయాలూ ఒకే ఊపున చదవండి.