కలరా విషం పేగులో చేసే పని
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)



విరేచనాలవుతున్న బిడ్డకు నీళ్ళు పట్టకూడదనే మాట మేము పోయిన చోటల్లా ఇంకా వింటూనే ఉన్నాం. "తాగిందంతా పోతూనే ఉంది గదా, మళ్ళీ పొయ్యడమెందుకు?" అంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది. కాదని చెప్పాలంటే పేగులో ఏం జరుగుతుందో చూడాలి. విరేచనాలు చాలా రకాలు. వాటిల్లో బాగా తేటపడినది కలరా, అంటే పాతవాళ్ళ వాంతిభేది. దాన్నే తీసుకుందాం.

కలరా క్రిమి మురికినీటితోనో తిండితోనో లోపలికి పోయి చిన్నపేగు గోడకు అంటుకుంటుంది. గోడను తొలిచి లోపలికి పోదు. అక్కడే ఉండి ఒక విషం వదులుతుంది. ఆ విషానికి ఉంగరంలా చేరిన అయిదు ముక్కలున్నాయి, అవి పేగు కణాన్ని పట్టుకుంటాయి. ఇంకో ముక్క కణంలోకి దూరి ఒక మీట వేసి బిగించేస్తుంది. మోటారు స్విచ్చి వేసి, తీసేవాడు లేకుండా ఊరికి పోయినట్టన్నమాట! కణంలోని ఉప్పు పేగులోకి కారిపోతుంది, దాని వెంట నీరు. జబ్బు ముదిరితే గంటకు ఒక లీటరు దాకా పోవచ్చు. బియ్యం కడిగిన నీళ్ళలా ఉంటుంది. కళ్ళు లోపలికి పోతాయి, మూత్రం ఆగుతుంది, నాడి అందదు. కొన్ని గంటల్లోనే మనిషి దక్కకుండా పోవచ్చు.

1884లో కలకత్తాలో ఈ క్రిమిని పరిశోధించిన రాబర్ట్ కాక్, విషం ఉండి ఉంటుందని ఊహించాడు. దాన్ని రుజువు చేసింది మాత్రం కలకత్తా వైద్యుడే, శంభునాథ్ డే, 1959లో. క్రిములను వడగట్టి తీసేసిన ద్రవాన్ని కుందేలు పేగులోకి ఎక్కిస్తే పేగు నీటితో ఉబ్బింది. క్రిమి లేదు, జబ్బు ఉంది! 1985లో పోయిన ఆ మహానుభావుడికి దక్కవలసిన పేరు దక్కలేదనే మా అభిప్రాయం.

ఇక అసలు సంగతి. పేగుగోడ చెడలేదు గనుక, ఉప్పునూ గ్లూకోజునూ జంటగా లోపలికి లాక్కునే దారి ఒకటి పనిచేస్తూనే ఉంటుంది. ఆ జంట వెంట నీరూ ఒంట్లోకి పోతుంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో బనగావ్ శరణార్థుల దగ్గర సెలైన్ సీసాలు అయిపోవస్తే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడా ఉప్పు కలిపిన నీటిని డ్రమ్ముల్లో పెట్టించారు. తాగించింది ఎక్కువగా రోగుల ఇంటివాళ్ళే. నూటికి ముప్పై మంది దాకా పోతున్న చోట మరణాలు నాలుగుకు లోపు దిగాయి.

ఇప్పుడు మనకు ఓ.ఆర్.ఎస్. పొట్లాలున్నాయి. పొట్లం మీద రాసినన్ని నీళ్ళలో మొత్తం పొట్లం కలపాలి. సగం దాచుకోకూడదు, రుచికని చక్కెర వెయ్యకూడదు. చక్కెర ఎక్కువైతే అదే నీటిని పేగులోకి లాగుతుంది. వాంతయితే పది నిమిషాలాగి చెంచాతో కొంచెం కొంచెంగా పట్టండి. తల్లిపాలు ఆపవద్దు. తాగించగానే విరేచనాలు కట్టవు, అది చూసి మానెయ్యవద్దు. పోయిన నీటిని తిరిగి నింపడమే దాని పని. బిడ్డ తాగలేకపోయినా, మత్తుగా పడి ఉన్నా, మూత్రం రాకపోయినా వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి. రక్తం పడితే అది వేరే జబ్బు, దానికీ ఆస్పత్రే.