హీటర్ ఆన్ చేసినా చల్లగాలేనా? స్వెట్టర్ వేసుకునే ముందు కూలెంట్ చూడండి

డిసెంబర్ వచ్చిందంటే చాలు, మనవాళ్లు లంబసింగి బయల్దేరిపోతారు. తెల్లవారుజామున నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కుతుంటే చలి మొదలవుతుంది. హీటర్ ఆన్ చేస్తే గాలి వస్తుంది, కానీ చల్లగా! "పోనీలే, స్వెట్టర్ ఉందిగా" అని అలాగే వెళ్లిపోతారు. తప్పు అక్కడే జరుగుతోంది.

ఎందుకంటే పెట్రోల్, డీజిల్ కార్లలో హీటర్ వేడి ఇంజిన్‌ నుంచే వస్తుంది. ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ సుమారు 90 డిగ్రీల వేడితో తిరుగుతుంటుంది. డాష్‌బోర్డ్ వెనకాల హీటర్ కోర్ అని చిన్న రేడియేటర్ ఉంటుంది. కూలెంట్ అందులోంచి వెళ్తుంటే బ్లోవర్ దాని మీదుగా గాలి కొడుతుంది. అంతే. కాబట్టి గాలి చల్లగా ఉందంటే, కూలెంట్ తగ్గిపోయిందేమో అని ముందు అనుమానించాలి. అది తగ్గితే ఇంజిన్ ఓవర్‌హీట్ అవుతుంది, హెడ్ గ్యాస్కెట్ పోతుంది. అప్పుడు బిల్లు వేలల్లో ఉంటుంది.

సరే, ఎలా చెక్ చేయాలి?

ఒకటి. నాబ్ ఎరుపు వైపు తిప్పారా? నవ్వకండి, చాలామంది మర్చిపోతారు.

రెండు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక బానెట్ ఎత్తి కూలెంట్ డబ్బా చూడండి. మిన్, మ్యాక్స్ గీతల మధ్య ఉండాలి. వేడి మీద మూత అస్సలు తీయొద్దు. ప్రెషర్‌తో పైకి చిమ్మి ముఖం, చేతులు కాలిపోతాయి.

మూడు. పావుగంట నడిపినా టెంపరేచర్ ముల్లు కింద నుంచి లేవట్లేదా? థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయి ఉండొచ్చు.

నాలుగు. రేజ్ చేస్తే వేడిగా, ఐడిల్‌లో చల్లగా వస్తోందా? కూలెంట్ తక్కువై ఉండొచ్చు, లేదా లోపల గాలి చేరి ఉండొచ్చు.

ఐదు. ఇంజిన్ వేడెక్కాక ఆఫ్ చేసి, హీటర్‌కి వెళ్లే రెండు పైపుల దగ్గర చెయ్యి పెట్టి చూడండి, పట్టుకోవద్దు. రెండూ వేడిగా ఉంటే లోపలి ఫ్లాప్ పనిచేయకపోయి ఉండొచ్చు. ఒకటే వేడిగా ఉంటే కోర్ మూసుకుపోయి ఉండొచ్చు, లేదా కొన్ని కార్లలో ఉండే హీటర్ వాల్వ్ తెరుచుకోకపోయి ఉండొచ్చు.

కూలెంట్ పోసినా మళ్లీ తగ్గుతోందంటే ఎక్కడో లీక్ ఉంది. కారులో తియ్యటి వాసన, ముందు సీటు కాళ్ల దగ్గర మ్యాట్ తడి కనిపిస్తే హీటర్ కోరే లీక్ అవుతుండొచ్చు. రోజూ నీళ్లు పోసి నడిపేయకండి, మెకానిక్‌కి చూపించండి.

దారిలో ముల్లు ఎరుపు వైపు వెళ్తే ఇంకేం ఆలోచించొద్దు. పక్కకి ఆపి ఇంజిన్ ఆఫ్ చేయండి. వ్యూపాయింట్‌కి అరగంట లేటైనా పర్లేదు, ఘాట్ మధ్యలో ఫ్యామిలీతో ఆగిపోతేనే కష్టం.

ఈ వారం టూర్ ప్లాన్ చేస్తున్న ఫ్రెండ్‌కి ఇది పంపండి. జాగ్రత్తగా వెళ్లి రండి. బై!