ఎండ సోకని పెరటి మూల
(ఉపన్యాస పాఠము)



గ్రామ గ్రంథాలయపు రజతోత్సవములో హైదరాబాదు నగరపు పెరటి మూలను గురించి ప్రసంగమేమని కొందరికి తోచవచ్చును. కాని నేడు పల్లెలలో అనేక కుటుంబములకు ఒక కొస ఊరిలోను, రెండవ కొస మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి ప్రాంతములందును ఉన్నది. కుమారుడో కుమార్తెయో అచ్చటి కంప్యూటరు కంపెనీలలో ఉద్యోగము చేయుచుండగా, తల్లిదండ్రులు పంటలు ఇంటికి చేరిన పిదప రెండు మూడు మాసములు వారి వద్ద గడపి వచ్చుట పరిపాటి అయినది. ఉదయము తొమ్మిది గంటలకు పిల్లలు తలుపు వేసికొని వెళ్ళిపోదురు. నలువది ఏండ్లు మట్టిలో చేయి పెట్టిన మనుష్యునకు ఆ తరువాత సాయంకాలము వరకు చేయుటకు ఏమియు ఉండదు. టెలివిజను ఎంతసేపని చూడగలడు?

అట్టివాడు మెట్లు దిగి మేడ వెనుకకు పోయినచో అచ్చట ఒక మూల కనబడును. భవనమునకును ప్రహరీగోడకును నడుమ నిబంధనల ప్రకారము వదలిన సందు అది. విరిగిన టైల్సు, గట్టిపడిన సిమెంటు బస్తా, రంగు డబ్బాలు అందుండును. పైనుండి ఏసీ యంత్రపు నీరు చుక్క చుక్కగా పడుచుండును. ఎండ సోకదు గనుక ఏదియు పెరుగదని ఇంటివారు తీర్మానించి, రేపో మాపో సిమెంటు పరపింతురు. ఆ తీర్మానము తొందరపాటు. అచ్చట ఏమియు పెరుగకపోవుటకు కారణము నీడ కాదు.

ఈ మాటకు సాక్ష్యము ఆ ప్రాంతపు గుట్టలలోనే కలదు. 1998 నవంబరు 22న సైబర్ టవర్స్ భవనమును నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించిన నాటినుండి మాదాపూరు అద్దాల మేడలకు పేరుపొందినది. అంతకు పూర్వము అది గ్రానైటు బండల సీమ. ఆ శిలల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. చాల బండలు పగిలి కంకరగా మారినవి. ఐనను 1974లో స్థాపింపబడిన హైదరాబాదు విశ్వవిద్యాలయపు ఆవరణలోను, దుర్గం చెరువు ఒడ్డునను అవి నేటికిని నిలిచియున్నవి. రెండు బండల నడిమి ఇరుకును చూచినచో అందు సీతాఫలపు చెట్టు వేరూనియుండును. శ్రావణమాసములో బండల చీలికలందు నాచు, సన్నని ఫెర్న్ మొక్కలు పచ్చగా మొలచును. అచ్చటను ఎండ స్వల్పమే. కాని బండమీద పడిన వాన యంతయు జారి ఆ ఇరుకులోనికే చేరును. రాలిన ఆకు గాలికి కొట్టుకొనివచ్చి అచ్చటనే ఆగి కుళ్ళి ఎరువగును. పడమటి ఎండ వేడి తగులదు.

మేడ కూడ ఒక బండయే. దాని ప్రక్కన నీడ యున్నది. కాని డాబా నీటిని గొట్టము వీధి కాలువలోనికి కొనిపోవును, రాలిన ఆకును ఊడ్చి సంచులలో కట్టి పంపివేయుదురు. నీటిని, ఎరువును తీసివేసి, నీడను మాత్రము మిగిల్చి, నేరమంతయు నీడమీద మోపుట జరుగుచున్నది.

రైతు నీడను ఎన్నడును నిందింపలేదు. కొన్ని పంటలకు పనిగట్టుకొని నీడను తయారుచేసినాడు. తమలపాకు తోట వేయువాడు ముందుగా అవిశ విత్తును. అవిశ ఎదిగి పలుచని నీడ నిచ్చిన పిదపనే తీగను దానికి ప్రాకించును. కోనసీమలో కొబ్బరిచెట్ల క్రింద అరటి, కంద పెంచుదురు. పాడేరు మన్యములో సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ పండించుచు, ఆ చెట్లకే మిరియపు తీగను ప్రాకింతురు. ఇంతమందికి పెట్టుబడియైన నీడ పట్నములోని పెరటికి మాత్రము లోపమెట్లగును?

ఐతే నీడలన్నియు ఒకటి కావు. నాటుటకు ముందు ఆ మూలయందు ఉన్నది ఎట్టి నీడయో తెలిసికొనవలెను. చలిదేశములవారు వ్రాసిన తోటపని పుస్తకములలో ఇంటికి ఉత్తరపు ప్రక్క ఏడాది పొడవునను నీడయే యని యుండును. వారి దేశములో అది చాలవరకు నిజము, హైదరాబాదులో కాదు. ఆ నగరము భూమధ్యరేఖకు ఉత్తరముగా సుమారు 17 డిగ్రీల అక్షాంశముపై నున్నది. డిసెంబరు మాసాంతమున మధ్యాహ్న సూర్యుడు దక్షిణమునకు వాలి, పది అడుగుల గోడకు ఉత్తరమున సుమారు ఎనిమిదిన్నర అడుగుల నీడ పరచును. ఏబది అడుగుల మేడ యైనచో ఆ నీడ నలువది అడుగులు దాటును. మే 9వ తేదీ ప్రాంతమున సూర్యుడు మిట్టమధ్యాహ్నము సరిగా నడినెత్తికి వచ్చును. నిలువుగా నాటిన కర్రకు ఆ క్షణమున నీడయే యుండదు. తిరిగి ఆగస్టు 3వ తేదీ ప్రాంతమున అట్లే జరుగును. ఆ రెండు తేదీల నడుమ మధ్యాహ్న సూర్యుడు ఉత్తరపు వైపుననే నడచును. అనగా చలికాలమంతయు చీకటిగా నున్న ఉత్తరపు మూలకు, రోహిణికార్తె ఎండలలోనే సూర్యుడు నేరుగా తగులును. జనవరిలో ఆ మూలను చూచి సుకుమారమైన ఆకుమొక్కలను నాటినవాడు మే మాసములో అవి మాడిపోగా తెల్లబోవును. ఉత్తరపు మూలలోని మొక్కలకు ఆ మూడు మాసములు గోనెపట్టాతోనో, పచ్చని వలతోనో చాటు కల్పింపవలెను. దక్షిణపు గోడ సంగతి దీనికి విపరీతము: చలికాలములో దానికి ఎండ, నడివేసవిలో నీడ.

సైబరాబాదు ప్రాంతములో ఇంకొక చిత్రము కలదు. ఎదుటనున్న అద్దాల మేడనుండి ఎండ ప్రతిఫలించి, సూర్యుడు లేని దిక్కునుండి నీడ మూలలోనికి వచ్చి పడును. అది అరగంటయే యుండవచ్చును. కాని లేత ఆకును కాల్చుటకు చాలును.

వెలుగును కొలుచుటకు యంత్రములు అక్కరలేదు. మిట్టమధ్యాహ్నము ఆ మూలలో నేలమీద ఒక తెల్లకాగితమును పరచి, దానికి అడుగు ఎత్తున అరచేతిని చాపవలెను. వ్రేళ్ళు విడివిడిగా తెలియునట్లు నీడ పడినచో వెలుగు సమృద్ధిగా నున్నట్లు. చేయి ఆకారము మసకగా మాత్రము కనబడినచో మధ్యరకము. ఏ నీడయు కనబడకున్న యెడల అది గాఢమైన నీడ. అచ్చట తినదగిన పంట ఆశింపరాదు. వెలుగు చాలని గోడకు తెల్లని సున్నము వేసినచో మధ్యరకపు మూల కొంత మెరుగుపడును. ఖర్చు స్వల్పము, ఫలితము ఆ పూటనే కనబడును.

చెట్టు నీడకును గోడ నీడకును భేదము కలదు. చెట్టు క్రింద నేలలోని తేమను దాని వేళ్ళే పీల్చివేయును; అచ్చట కుండీలలో పెంచుట మేలు. మట్టి దిబ్బగా పోసి చెట్టు మొదలును కప్పరాదు, బెరడు కుళ్ళును. గోడ ప్రక్కన వేళ్ళ పోటీ లేదు గాని, చూరును బాల్కనీలును వానను అడ్డగించును. ఊరంతయు తడిసిన నాడు కూడ ఆ నేల పొడిగా నుండవచ్చును. చాలమంది దీనిని గమనింపరు.

ఇక నేల. పైపొర మట్టివలె కనబడినను, గడ్డపారతో ఒక్క పోటు పొడిచినచో ఇటుక ముక్కలు, సున్నము, సిమెంటు పెళ్ళలు బయటపడును. అడుగున్నర లోతు త్రవ్వి ఆ చెత్తను ఏరివేసి, ఎఱ్ఱమట్టియు మాగిన పశువుల ఎరువును కలిపి నింపవలెను. ఈ పని ఒక్కనాటిది కాదు. దినమునకు రెండు తట్టల చొప్పున చేసికొనవచ్చును. పని లేక తోచని పెద్దలకు ఇంతకంటె తగిన పని ఆ మేడలో మరియొకటి దొరకదు. రాలిన ఆకులను, వంటింటి కూరల తొక్కలను ఒక మూల గుంటలో వేసి అప్పుడప్పుడు మట్టి చల్లుచుండినచో మరుసటి ఏటికి ఎరువు కొనవలసిన పని లేదు.

నీటి లెక్క చూడుడు. హైదరాబాదులో ఏటా సగటున సుమారు 800 మిల్లీమీటర్ల వాన కురియును. వేయి చదరపు అడుగుల డాబామీద అది 70,000 లీటర్లకు పైబడును. కొంత ఆవిరియై పోయినను మిగిలినది సామాన్యము కాదు. డాబా గొట్టమును వీధి కాలువనుండి మరలించి, పునాదికి తగినంత దూరములో ఇంకుడు గుంతకు చేర్చినచో, నీడ మూల చల్లబడును. బోరుబావికిని కొంత ఆదరువు కలుగును. సిమెంటు పరచిన దినమున ఈ అవకాశము పోవును. ఏసీనుండి కారు నీరు గాలిలోని తేమయే చల్లబడి కూడినది. అందు లవణములు మిక్కిలి తక్కువ, మొక్కలకు పోయవచ్చును. కాని ఏసీ బయటి పెట్టె వెలువరించు వేడిగాలి యెదుట ఏ మొక్కయు బ్రతుకదు. ఆ చోటును వదలి పెట్టవలెను.

ఏమి నాటవలెనను ప్రశ్నకు మొదటి సమాధానము పల్లె పెరటిలోనే కలదు. బావి చపటా ప్రక్కన, స్నానాల నీరు పారు చోట చేమ దుంప ఎవరును నాటకున్నను బలిసియుండును గదా! మధ్యరకపు నీడలో చేమ, కంద, పసుపు, అల్లము పెరుగును. పసుపును తొలకరిలో నాటినచో ఎనిమిది తొమ్మిది మాసములకు త్రవ్వవచ్చును. పొలములో పండినంత దుంప రాదు. ఐనను సంక్రాంతి గుమ్మమునకు పచ్చి పసుపుకొమ్మ ఇంటిదే యగును. కందను ఎరువు నింపిన గోనెసంచిలో కూడ పెంచవచ్చును. చేమ, కంద పచ్చిగా నోటికి దురద పుట్టించునవి. వానియందు కాల్షియం ఆక్సలేటు సూదులవలె నుండును. అందుకే వంటలో చింతపండు.

బచ్చలి తీగ, పుదీన, వాము ఆకు, సరస్వతి ఆకు కొద్ది ఎండతో సరిపెట్టుకొనును. కొత్తిమీర వేసవిలో నీడనే కోరును. అందుకే రైతులు దానిని వలల క్రింద పెంచుచున్నారు. పువ్వులు కావలెనన్నచో కనకాంబరము, నందివర్ధనము నాటవలెను. మల్లె కొరకు ఆశపడరాదు. నీడలో దాని తీగ సాగును గాని మొగ్గ తొడుగదు. తులసికిని, కరివేపాకునకును ఎండ కావలెను. వానిని మూలలో ఇరికించుట వానిని శిక్షించుటయే.

గాఢమైన నీడలో చాగ, మనీప్లాంటు, ఫెర్న్ వంటి ఆకుమొక్కలు మాత్రమే నిలుచును. నర్సరీలవారు అమ్ము డంబ్ కేన్ అను చారల ఆకుల మొక్కయు నీడలో చక్కగా పెరుగును గాని, పసిపిల్లలున్న ఇంట దానిని ఉంచరాదు. ఆకు నమలినచో నోరు, నాలుక వాచును. మనీప్లాంటును కూడ పిల్లల చేతికి అందనీయరాదు.

నీడ, తేమ కలిసిన చోట దోమల భయము కలదు. డెంగ్యూ దోమ పగటిపూట కుట్టునది. మురుగు కాదు, కుండీ క్రింది పళ్ళెములోని తేటనీరే దానికి చాలును. గ్రుడ్డునుండి దోమ తయారగుటకు వారము పది దినములు పట్టును గనుక, వారమున కొకసారి ప్రతి పాత్రను బోర్లించి ఆరబెట్టినచో దాని వంశము సాగదు. మొక్కలను గోడకు ఆనించి గుబురుగా పెంచక, చీపురు పట్టునంత సందు విడువవలెను.

అపార్టుమెంట్లలో ఇంకొక చిక్కు కలదు: ఆ మూల ఒక్కరిది కాదు. నివాసుల సంఘము వారిని అడుగకుండ గడ్డపార ఎత్తరాదు. అడిగినపుడు మొత్తము తోటకు అనుమతి కోరినచో చర్చలు నెలలు సాగును. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు చోటు ఒక వర్షకాలమునకు ఇమ్మని అడిగినచో కాదనువారు అరుదు. బచ్చలి ఆకు నాలుగిండ్లకు పంచిన పిదప మిగిలిన చోటు సంగతి వారే ఎత్తుదురు. ఏమియు పెరుగని చీకటి భాగమున ఒక రాతిబల్ల వేయించిన యెడల, మే మాసపు మధ్యాహ్నము పనిమనుషులకు, కావలివానికి, ఊరినుండి వచ్చిన పెద్దలకు కూర్చుండు చోటగును. మేడ యెదుట ఎంతో ఖర్చుతో పెంచిన పచ్చిక బయలుమీద ఆ వేళ ఎవరును కూర్చుండజాలరు.

ఇచ్చటినుండి వెళ్ళువారు నర్సరీకి పోనక్కరలేదు. తొలకరి పడిన పిదప పెరటి తమలపాకు తీగనుండి మూడు నాలుగు కణుపులు గల ముక్కలను కోసి, క్రింది ఆకులు తీసివేసి, తడిగుడ్డ చుట్టి, అరటి దొప్పలో పెట్టి కట్టినచో రాత్రి బస్సు ప్రయాణమునకు ఏమియు కావు. మరునాడు ఉదయముననే రెండు కణుపులు మట్టిలోనికి పోవునట్లు నాటి, ప్రక్కన ప్రాకుటకు గరుకైన కర్రను పాతి, చిగురు వచ్చువరకు మట్టి ఆరనీయకుండ చూచుకొనవలెను; నీరు మాత్రము నిలువరాదు. రెండు ముక్కలు చాలునని తోచినను నాలుగు తీసికొనిపోవుట మంచిది.